బురద గుర్రానికి స్నానం ఎందుకు వద్దు

(ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో నవంబరులో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనుక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు నా ముందు నేల మీద కూర్చోండి. నా సంచిలో ఉన్న వస్తువులు ముందు మీకే కనబడాలి.

మన పిల్లలు చాలామంది శని ఆదివారాల్లో స్వారీ నేర్చుకోవడానికి వెళ్తున్నారు. కొన్ని కుటుంబాలు ఇంకో అడుగు ముందుకు వేసి, వారంలో రెండు మూడు రోజులు పోనీ (పొట్టి జాతి గుర్రం) బాగోగులు మేమే చూసుకుంటామని యజమానులతో ఒప్పందం కూడా చేసుకున్నాయి. వేసవి అంతా ముచ్చటగా గడిచింది. ఫోటోలు చూశాను, అన్నీ బాగున్నాయి. నవంబరు వచ్చింది, నాకు ఫోన్లు మొదలయ్యాయి. "అక్కా, పోనీ నిలువెల్లా బురదే. చూస్తే ఏడుపు వస్తోంది. ఇంటి నుంచి వేడి నీళ్ళు కాచి తీసుకెళ్ళనా?" ఈ ప్రశ్న అడగని తెలుగు తల్లిని నేను చూడలేదు. నవ్వకండి, అడిగినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. మన ఇళ్ళలో ప్రేమ అంటే ముందు స్నానమే కదా. పసిబిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తాం. పండగ వస్తే తలంటు. కనుమ నాడు ఎద్దులను చెరువుకు తోలుకెళ్ళి, ఒళ్ళంతా తోమి, కొమ్ములకు రంగులు వేసి, బొట్టు పెట్టి మొక్కుతాం. కనుమ ఎప్పుడు వస్తుంది? జనవరి మధ్యలో. చలికాలమే కదా! అక్కడ పోసిన నీళ్ళు ఇక్కడ పోస్తే తప్పేమిటి?

తప్పు నీళ్ళది కాదండీ, ఆరడానిది. అక్కడ పొద్దెక్కేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఎద్దు వెంట్రుక పొట్టిది. గట్టెక్కి కాసేపు నిలబడితే ఒళ్ళు ఆరిపోతుంది. ఇక్కడ అదే జనవరిలో పగలు 6, 7 డిగ్రీలు ఉంటే బాగుందని చెప్పుకుంటాం. ఆ వెలుగు కూడా ఉదయం 8 దాటాక వస్తుంది, డిసెంబరులోనైతే సాయంత్రం 4 కాకముందే సర్దుకుని వెళ్ళిపోతుంది. మీరు బకెట్టెడు వేడి నీళ్ళు పోస్తే పోనీకి కొద్ది నిమిషాలు హాయిగా ఉంటుంది. తర్వాత? తర్వాత రాత్రంతా తడి ఒంటితో గాలిలో నిలబడుతుంది. మీరు మాత్రం ఇంటికి వెళ్ళి హీటరు వేసుకుని పడుకుంటారు.

అసలు ఆ ఒంటి మీద ఉన్నది ఏమిటో ముందు తెలుసుకుందాం. అది తెలిస్తే ఏ బ్రష్షు ఎప్పుడు వాడాలో నేను చెప్పనవసరం లేదు, మీకే తోస్తుంది.

ఈ దేశంలో పుట్టిపెరిగిన పోనీ జాతులు ఉన్నాయి. షెట్లాండ్, ఎక్స్‌మూర్, డార్ట్‌మూర్, ఫెల్, డేల్స్, హైలాండ్, వెల్ష్, న్యూ ఫారెస్ట్. కొండల మీద, బీళ్ళ మీద, సముద్రపు గాలి కొట్టే దీవుల మీద తరతరాలుగా బతికినవి. షెట్లాండ్ ఎత్తు 42 అంగుళాలు మించకూడదు, అంటే 107 సెంటీమీటర్లు. ఇక్కడ ముందు కూర్చున్న ఈ అబ్బాయి కంటే పొట్టి. అంత చిన్న ప్రాణి మంచులో ఎలా బతికింది? ఎవరు వేడి నీళ్ళు కాచి పోశారు దానికి?

చలికాలపు బొచ్చు చలికి పెరుగుతుందని మనం అనుకుంటాం. ప్రధానంగా దాన్ని నడిపేది పగటి పొడవు. జూన్ 21 దాటి పగలు తగ్గడం మొదలవగానే గుర్రం ఒంటికి కబురు అందుతుంది. మనం ఇంకా ఐస్‌క్రీము తింటూ ఉంటాం, అది అప్పుడే చలికాలానికి సిద్ధం కావడం మొదలుపెడుతుంది. అలాగే డిసెంబరు 21 దాటి పగలు పెరగడం మొదలైతే రాల్చుకోవడానికి సిద్ధమవుతుంది. కాబట్టి బయట ఇంకా మంచు ఉండగానే బ్రష్షు నిండా వెంట్రుకలు వచ్చాయని కంగారుపడి పశువైద్యుడికి ఫోను చేయకండి.

ఆ బొచ్చులో రెండు వరుసలు ఉంటాయి. లోపల సన్నగా, ఒత్తుగా, ఉన్నిలా ఉండేది ఒకటి. దాని మీద పొడవుగా, ముతకగా, జిడ్డుగా ఉండేది ఇంకొకటి. తాటాకు ఇల్లు చూశారు కదా? వాన కప్పు మీద నుంచి చూరు దాకా జారి కింద పడుతుంది, లోపలికి చుక్క దిగదు. పై వెంట్రుకలు చేసే పని అదే. ఎక్స్‌మూర్ పోనీ తోక మొదట్లో పొట్టి వెంట్రుకలు విసనకర్ర విప్పినట్టు పరుచుకుని ఉంటాయి, వాన నీరు వెనుక భాగంలోకి దిగకుండా పక్కలకు మళ్ళుతుంది. దాని కళ్ళ చుట్టూ కండ ఉబ్బెత్తుగా ఉంటుంది, అది కూడా నీళ్ళు కంట్లో పడకుండానే. మంచు కురిసిన రోజున అటువంటి పోనీ వీపు మీద తెల్లగా మంచు పేరుకుని, కరగకుండా అలాగే ఉంటుంది. చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు. ఎందుకు పాపం? మంచు కరగలేదంటే అర్థం ఏమిటి? లోపలి వేడి బయటికి పోవడం లేదని! అది కరిగి కారుతూ ఉంటే అప్పుడు అయ్యో అనండి.

ఇంకొకటి. చలి వేస్తే ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, మధ్యలో గాలి నిలుస్తుంది. ఆ గాలే దాని దుప్పటి. మనకూ నిక్కబొడుచుకుంటాయి, మన రోమాలతో ప్రయోజనం లేదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఆ బొచ్చును మొదలంటా తడిపామనుకోండి. వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని పడుకుంటాయి, గాలి పోయింది, దుప్పటి పోయింది. షాంపూ కూడా వేశామనుకోండి, జిడ్డు కూడా పోయింది. అది ఒక్క రాత్రిలో తిరిగి వచ్చేది కాదు. మెరుస్తున్న పోనీని వానలోకి తోలి వచ్చామన్నమాట.

పరిశోధకులు చెప్పే లెక్క ఒకటి ఉంది. చలికి అలవాటుపడి, బొచ్చు నిండుగా పెరిగి, కడుపు నిండా మేత ఉన్న గుర్రం సుమారు మైనస్ 15 డిగ్రీల వరకు ప్రత్యేకంగా శక్తి ఖర్చు పెట్టకుండానే ఒంటి వేడి నిలుపుకుంటుంది. చలి అంతగా లేని చోట పెరిగినదానికి ఆ హద్దు 5 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కానీ ఈ లెక్కలన్నీ పొడి ఒంటికి. వాన, దానికి తోడు గాలి కలిస్తే 5 డిగ్రీల రోజు కూడా గట్టి మంచు రోజు కంటే కష్టం. యార్క్‌షైర్‌లో మనకు ఎక్కువగా దొరికేది ఏది? గడ్డకట్టే చలా, తడి చలా? మీరే చెప్పండి. ఈరోజు మీ బూట్లు చూస్తే తెలుస్తోంది.

మరి వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఎండుగడ్డి నుంచి. ఆవు నెమరు వేస్తుంది, గుర్రం వేయదు. గుర్రానికి గడ్డిలోని పీచు వెనుక పేగుల్లో సూక్ష్మజీవుల చేత పులుస్తుంది, ఆ పులిసేటప్పుడు వేడి పుడుతుంది. చలిలో మీ పోనీకి మీరు చేయగల గొప్ప సేవ బ్రష్షు కాదు, గడ్డి.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. బడి వదిలాక మీరు వెళ్ళారు. పొలం గేటు దగ్గర పోనీ నిలబడి ఉంది. చెవుల నుంచి తోక దాకా బురద, అదీ తడి బురద. దొర్లింది మరి. దురద తీర్చుకోవడానికి, ఊడే వెంట్రుక వదిలించుకోవడానికి గుర్రం దొర్లుతుంది. దాన్ని తిట్టకండి. లాయంలోకి తీసుకురండి, గడ్డి వేయండి. ఇప్పుడు ఏం చేయాలి?

ఏమీ చేయకూడదు. నిజంగానే చెబుతున్నాను. తడి బురద మీద బ్రష్షు పెట్టారా, ఆ బురదను వెంట్రుకల మొదళ్ళలోకి మీరే నూరుతున్నారు. ఇసుక రేణువులు చర్మాన్ని గీరుతాయి. ముద్దలుగా ఉన్నది చేత్తో తీసేయండి. ఎండుగడ్డిని పిడికెడు మెలిపెట్టి, వెంట్రుక వాలు వెంట ఒత్తుతూ నీళ్ళు పిండండి. మన ఊళ్ళలో జట్కా గుర్రానికి చేసే మాలీసు విన్నారా? ఇక్కడి పాత లాయాల్లోనూ గడ్డి మెలిపెట్టి గుర్రాన్ని రుద్దే అలవాటు ఉంది. తర్వాత చెమ్మను పైకి లాగే ఫ్లీసు రగ్గు ఒకటి కప్పండి. అది లేదా? వీపు మీద పొడి గడ్డి పరిచి, దాని మీద పలచని రగ్గు కప్పండి. గడ్డి మధ్య గాలి ఆడుతుంది, ఆవిరి పైకి పోతుంది. కాసేపటికి రగ్గు పైభాగం చెమ్మగిల్లుతుంది, లోపల ఒళ్ళు ఆరుతూ ఉంటుంది. చేయి పెట్టి చూడండి, మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఆరే లోపల గిట్టల పని చేసుకోవచ్చు. పోనీ భుజం పక్కన, దాని తోక వైపు ముఖం పెట్టి నిలబడండి. చేయి కాలి వెంట కిందికి జార్చి గిట్ట ఎత్తండి. గిట్ట కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీరాలి, ఎప్పుడూ మీ వైపుకు కాదు. అడుగున మధ్యలో మెత్తని త్రికోణం ఉంటుంది, దానికి రెండు పక్కలా గాడి ఉంటుంది. బురద అంతా అక్కడే దాక్కుంటుంది. వాసన చూడండి. ముఖం తిప్పకండి, వాసన చూడడం కూడా పనిలో భాగమే. కుళ్ళు వాసన, నల్లటి ద్రవం ఉంటే చెమ్మ వల్ల గిట్ట పాడవుతోందని అర్థం. మంచు రోజుల్లో అదే చోట మంచు గట్టిపడి బంతిలా తయారవుతుంది, గుర్రం గుండ్రాళ్ళ మీద నడిచినట్టు తూలుతుంది. బయటికి వదిలే ముందు అడుగున కొద్దిగా వాసెలిన్ రాస్తే అంత తొందరగా పేరుకోదు.

పిల్లలూ, ఇది మీకు. గిట్టల దగ్గర పని చేసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోకూడదు. గొంతుక్కూర్చోవాలి, లేచి తప్పుకోవడానికి వీలుగా. వెనుక నుంచి ఇటు పక్కకు వెళ్ళాలంటే చేయి దాని ఒంటి మీద ఉంచి, మాట్లాడుతూ, దగ్గరగా వెళ్ళాలి. కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి, అదీ నేరుగా ఇనుప రింగుకు కాదు, గడ్డిమోపు కట్టే పురి తాడు రింగుకు కట్టి దానికి. బెదిరి లాగితే ఆ పురి తెగాలి, మెడ విరగకూడదు.

ఇక బురద ఆరింది. బూడిద రంగులో పెళుసుగా అయింది, వేలితో గిల్లితే పొడి అవుతోంది. ఇప్పుడు బ్రష్షు. ఇదిగో, గట్టి కుచ్చులున్నది, దీన్ని ఇక్కడ డాండీ బ్రష్షు అంటారు. చలికాలంలో బయట ఉండే పోనీకి దాదాపు ఇదొక్కటే చాలు. ఎడమ వైపు, చెవుల వెనుక మెడ దగ్గర మొదలుపెట్టండి. వెంట్రుక వాలు వెంట చిన్న చిన్న విసుర్లు. ప్రతి విసురు చివర మణికట్టు కొద్దిగా పైకి లేవాలి, అప్పుడు దుమ్ము బయటికి ఎగురుతుంది, లేకపోతే అటు నుంచి ఇటు మారుతుంది అంతే. గాలి మీ వెనుక నుంచి వచ్చేలా నిలబడండి. లేదంటే ఆ దుమ్మంతా మీ నోట్లోకే. కండ ఉన్న చోట, అంటే మెడ, భుజం, పిరుదుల మీద అట్ట కట్టి ఉంటే ఈ రబ్బరు దువ్వెనతో గుండ్రంగా తిప్పండి. ముఖం మీద, మోకాళ్ళ కింద ఎముక పైన తేలి ఉంటుంది, అక్కడ గట్టివి వద్దు, మెత్తటి గుడ్డ, మీ వేళ్ళు చాలు.

మెత్తటి బాడీ బ్రష్షు కూడా పెట్టెలో ఉంటుంది. దాని పని చర్మం దాకా వెళ్ళి జిడ్డు, చుండు తీయడం. లాయంలో ఉండి పోటీలకు వెళ్ళే గుర్రాలకు అది మంచిదే. వానలో నిలబడే పోనీకి ఆ జిడ్డే గొడుగు. దాన్ని తీసే పని ఎందుకు పెట్టుకుంటారు?

అయితే మరి అసలు బ్రష్షు పట్టడం దేనికి, బురద అలాగే వదిలేయవచ్చు కదా అని అడుగుతారు. మంచి ప్రశ్న. నా మట్టుకు నాకు బ్రష్షు ఒక వంక. అసలు పని చేతిది. వేసవిలో గుర్రం ఎలా ఉందో కంటితో తెలుస్తుంది. చలికాలంలో కన్ను మోసం చేస్తుంది. ఆ బొచ్చు కింద పక్కటెముకలు తేలినా బయటికి బొద్దుగానే కనబడుతుంది, గడ్డి తిన్న పొట్ట కూడా తోడవుతుంది. అందుకని కుడి చేతిలో బ్రష్షు, ఎడమ చేయి ఒంటి మీద. చేతి తొడుగు తీసేయండి, చలి వేసినా సరే. వేళ్ళు కొద్దిగా నొక్కి జార్చితే పక్కటెముకలు తగలాలి. తగలనే తగలకపోతే లావెక్కింది. వేళ్ళు ఎముకల మధ్య పడిపోతుంటే చిక్కింది. జూలు కిందా, తోక మొదట్లోనూ పాయలు తీసి చూడండి, చలికాలంలో పేలు పడతాయి. వీపు మీద వెంట్రుకలు కుచ్చులుగా అంటుకుని, కింద పక్కు తగిలితే అది వాన వల్ల వచ్చిన చర్మపు జబ్బు. కాలి మీద వెచ్చగా ఒక చోట తగిలిందా? వాపు ఉందా? ముల్లు ఉందా? మెడ కింద ఏదో కొత్త గడ్డ తగిలిందా? ఇవన్నీ నిన్న లేవా? నిన్న మీరు చేయి పెట్టి ఉంటేనే ఆ జవాబు మీకు తెలుస్తుంది.

కాళ్ళ సంగతి విడిగా చెప్పాలి, లాయాల్లో గొడవలన్నీ ఇక్కడే. మడమల వెనుక పక్కులు కట్టి, పగిలి, రసి కారే జబ్బు ఉంది, బురద జ్వరం అని పేరు గానీ అందులో జ్వరం ఉండనక్కరలేదు. దీనికి తరచుగా కారణమయ్యే సూక్ష్మజీవి డెర్మటోఫిలస్ కాంగోలెన్సిస్. పశువులకూ చర్మ వ్యాధి తెస్తుంది. చర్మం ఎప్పుడూ తడిసి నాని, మెత్తబడి, చిన్న గీత పడితే అది లోపలికి దిగుతుంది. తెల్లటి కాళ్ళున్న గుర్రాలకు ఎక్కువ. ఇప్పుడు ఆలోచించండి. బురద తీయాలని రోజూ సాయంత్రం గొట్టంతో కాళ్ళు కడిగి, తడిగానే వదిలేస్తే మీరు ఎవరికి సాయం చేస్తున్నారు? గుర్రానికా, ఆ సూక్ష్మజీవికా? కడిగి తీరాలి, రోజూ కడుగుతాను అనేవారు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ళు ఆ తర్వాత తువ్వాలుతో మడమ మడతల్లో కూడా పొడిగా తుడిచే ఓపికమంతులు. ఆ ఓపిక లేకపోతే ఆరనిచ్చి దులపడమే మేలు. గాయం ఉందేమో చూడాల్సి వస్తే తక్కువ ధారతో కడగండి, వెంటనే తుడవండి. పక్కులు పొడిగా ఉండగా పీకకండి, నొప్పితో తన్నుతుంది, తన్నడం న్యాయమే. వాపు, కుంటు కనబడితే ఇంటి వైద్యం ఆపి డాక్టరును పిలవండి.

స్వారీ చేయాలంటే మాత్రం రాజీ లేదు. జీను కింద, పొట్ట పట్టీ కింద, మోచేతుల వెనుక, కళ్ళెం ఆనే చెవుల వెనుక, బురద రేణువు ఉండకూడదు. పట్టీ కింద చిక్కుకున్న రేణువు ఒరుసుకుని పుండు చేస్తుంది. ఒళ్ళు తడిగా ఉంది, బురద రావడం లేదు, చీకటి పడుతోంది. ఏం చేయాలి? ఆ రోజు స్వారీ లేదు. పిల్లలు ముఖం మాడుస్తారు, మాడ్చనివ్వండి. గిట్టలు చూసి, కాళ్ళు తడిమి, గడ్డి వేసి, పగ్గం పట్టుకుని కాసేపు నడిపించి రండి. బురద గుర్రాన్ని బురదగానే వదిలి ఇంటికి రావడం మనవాళ్ళకు ఎంత కష్టమో నాకు తెలుసు. అలవాటు అవుతుంది.

వేడి నీళ్ళు తెస్తానన్న తల్లిని నిరాశపరచను, ఆ నీళ్ళకూ పని ఉంది. మరీ జిడ్డుపట్టి మరకలు ఉంటే తువ్వాలును వేడి నీళ్ళలో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండి, వెంట్రుక వాలు వెంట తుడవండి. పై మురికి తువ్వాలుకు వస్తుంది, చర్మం తడవదు. వెంటనే ఫ్లీసు కప్పండి. తోక చివర గట్టిపడి ఉంటే గోరువెచ్చని బకెట్టులో వెంట్రుకల వరకే ముంచి జాడించండి, తోకలో ఎముక ఉన్న పైభాగం తడపకండి. ఆరాక వేళ్ళతో పాయలు విడదీయండి. దువ్వెన పెడితే తెగుతుంది, తెగిన తోక పెరగడానికి చాలా కాలం పడుతుంది.

ఏమిటమ్మా? గట్టిగా అడగండి. ఆ, రగ్గు. చలి కదా, ఎప్పుడూ రగ్గు కప్పి ఉంచితే బురదే అంటదు కదా అని అడుగుతున్నారు. ముసలిదైతే, చిక్కినదైతే, జబ్బుపడినదైతే, బొచ్చు కత్తిరించినదైతే తప్పకుండా కప్పాలి. నిండు బొచ్చుతో, గాలికి చాటు ఉన్న లావుపాటి పోనీకి మామూలుగా అవసరం ఉండదు. రగ్గు ఆ వెంట్రుకలను అణిచేస్తుంది, లేవనివ్వదు. ఇంకో చిక్కు, ఈ జాతులు వేసవిలో ఒళ్ళు చేసి చలికాలంలో తగ్గాలి. తగ్గనివ్వకుండా కప్పి మేపితే వసంతంలో పచ్చగడ్డి మీద ఇంకా లావెక్కుతాయి, అప్పుడు లామినైటిస్ అని గిట్టల లోపల వాచే జబ్బు వస్తుంది. చాలా బాధ పెట్టే జబ్బు అది. రగ్గు వేసినవారు రోజూ తీసి, లోపల చేయి పెట్టి, భుజాల దగ్గర ఒరుసుకుపోయిందేమో చూడాలి. వారం పాటు తీయకుండా వదిలే రగ్గు కంటే బురదే నయం.

చాలు, టైము అయిపోతోందని సైగ చేస్తున్నారు. బ్రష్షులన్నీ ఈ బల్ల మీద పెడుతున్నాను, వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. రబ్బరు దువ్వెన ముందు మీ ముంజేతి మీద తిప్పుకోండి, ఎంత ఒత్తితే చాలో తెలుస్తుంది. ఈ ఇనుప దువ్వెన మాత్రం గుర్రానికి కాదు, మెత్తటి బ్రష్షులో చిక్కిన దుమ్ము గీకడానికి. పిల్లల చేతికి ఇవ్వకండి. కొనేవారు ఈ వారం డాండీ బ్రష్షు, గిట్ట కొక్కెం, రెండు పాత తువ్వాళ్ళు సిద్ధం చేసుకుంటే సరిపోతుంది. మిగతావి దుకాణం వాడు ఎంత చెప్పినా వద్దనండి.